సగం ఈ ఏడు, సగం రెండేళ్ళాగి

2023 మార్చిలో ఒక శనివారం పొద్దున గ్యారేజ్ తలుపు సగం ఎత్తి పెట్టుకుని, కింద పాత బెడ్‌షీట్ పరిచి, ఒక నల్ల ప్లాస్టిక్ కుండీని రంపంతో నిలువునా కోస్తున్నా. బయట మా బీవర్టన్ వాన, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఊరు, పడుతున్నట్టూ ఉండదు ఆగినట్టూ ఉండదు. ఇండియా నుంచి వచ్చి నెల కూడా కాని మా నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, రెండు స్వెట్టర్లు వేసుకుని, మడత కుర్చీలో టీ తాగుతూ చూస్తున్నారు. కుండీని కోయడం దేనికంటే, బోన్సాయ్‌గా, అంటే కుండీలోనే పొట్టిగా పెంచుదామని తెచ్చిన చెట్టుకి వేర్లు కోసి మట్టి మార్చాలి, అది అందులోంచి రావట్లేదు, ఇద్దరం చెరోవైపు పట్టుకుని లాగినా రాలేదు, పడుకోబెట్టి చుట్టూ తట్టినా రాలేదు. "సరుగుడు మొక్కేగా, దీనికింత హడావుడి ఏంటమ్మా" అన్నారు నాన్న.

సరుగుడు కాదు నాన్నా, పైన్, జపనీస్ బ్లాక్ పైన్ అన్నా. ఆయన ఒప్పుకోలేదు. మాది కడియం దగ్గర పల్లె, అటు వెళ్తే సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు, ఆ సూదుల ఆకు చూసిన ఎవరికైనా సరుగుడే గుర్తొస్తుంది, తప్పు పట్టలేం. నిజానికి రెండూ దూరపు చుట్టాలు కూడా కాదు. సరుగుడులో మనం ఆకు అనుకునేది కణుపులున్న సన్న రెమ్మ, లాగితే కణుపు దగ్గర ఊడొస్తుంది. పైన్‌లో సూది నిజంగానే ఆకు, ఈ రకానికి రెండేసి సూదులు ఒకే తొడుగులోంచి వస్తాయి. ఇదంతా చెప్తుంటే ఆయన "ఆఁ ఆఁ" అంటూ టీ ఊదుకుంటున్నారు.

రెండో పక్క కూడా కోత అయ్యాక ప్లాస్టిక్‌ని దొప్పలా విప్పదీశా. లోపల ఉన్నది చూసి నాన్న కుర్చీలోంచి లేచారు. మట్టి అన్నది కనపడలేదు. కుండీ ఆకారంలో ఒక వేర్ల ముద్ద, అంతే. కుండీ అడుగునున్న గీతలు, చిల్లులు కూడా దాని మీద అచ్చు దిగిపోయాయి. కింద పెన్సిల్ లావు వేర్లు నాలుగైదు చుట్లు తిరిగి కొబ్బరి తాడు చుట్టలా ఉన్నాయి. నర్సరీ మూసేస్తూ అమ్మేసిన సరుకులో కొన్న చెట్టిది, 5 గ్యాలన్ల కుండీ, ఎన్నేళ్ళుగా అందులో ఉందో అమ్మినాయనకే తెలీదు. "పాపం, దీన్ని ఇందులోనే ఉంచేశారా ఇన్నాళ్ళూ" అన్నారు నాన్న.

నాకు ఆ పాపం అన్న మాట సరిగ్గా అక్కడ వినపడటం చాలా సంతోషంగా అనిపించింది. ఎందుకంటే మిగతా అందరూ ఆ మాటని ఇంకోచోట వాడతారు. వేర్లు కోస్తా అంటే పాపం అంటారు. మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ, "బోన్సాయ్‌లు ఇంట్లో పెట్టుకోకూడదే, వాస్తు ప్రకారం ఎదుగుదల ఆగిపోతుందంటారు, పచ్చటి చెట్టుని అలా కాళ్ళూ చేతులూ విరిచి కూర్చోబెట్టడం ఏం సరదానే నీకు" అని. వాస్తు సంగతి నేనేం మాట్లాడను, పెద్దావిడ. కానీ ఆ కాళ్ళూ చేతులూ విరవడం అనే దానికి మాత్రం నా దగ్గర జవాబుంది. కుండీలో ఉన్న చెట్టుకి వేర్లు కోయడం హింస కాదు, కోయకపోవడమే హింస. నేలలో ఉన్న చెట్టుకి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, వేరు ముందుకి పోతూనే ఉంటుంది. కుండీలో వేరు గోడ దాకా పోయి, తిరిగి, మళ్ళీ గోడ దాకా పోయి, చివరికి తన మొదలు చుట్టూ తనే ఉరితాడులా బిగుసుకుంటుంది. మొదలూ లావెక్కుతుంది, ఆ చుట్టుకున్న వేరూ లావెక్కుతుంది, రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. కోయకుండా జాలి పడి వదిలేసిన వాడి జాలి వల్ల జరిగేది ఇది.

వాషింగ్టన్ డీసీలో నేషనల్ ఆర్బోరేటం అని పెద్ద చెట్ల తోట ఉంది, అందులో బోన్సాయ్ మ్యూజియంలో ఒక వైట్ పైన్ ఉంది, 1625 నుంచి కుండీలో పెంచుతున్నది. 1976లో అమెరికా రెండు వందల ఏళ్ళ పండగకి జపాన్ పంపిన 53 బోన్సాయ్‌లలో అదొకటి, ఇచ్చినాయన మసారు యమాకి. హిరోషిమాలో బాంబు పడిన చోటుకి వాళ్ళ ఇల్లు రెండు మైళ్ళ దూరం, ఆ రోజు ఈ చెట్టు ఆ ఇంటి ఆవరణలోనే ఉంది, బతికింది. ఈ సంగతి ఇక్కడివాళ్ళకి 2001లో యమాకి మనవళ్ళు చెట్టుని చూసుకోడానికి వచ్చినప్పుడు తెలిసింది. జనం ఆ బాంబు కథ దగ్గర ఆగిపోతారు, ఆగాల్సిందే, కానీ నాకు ఇంకోటి తోస్తుంది. నాలుగు వందల ఏళ్ళు ఒక పళ్ళెం లోతు మట్టిలో ఒక చెట్టు బతికి ఉందీ అంటే, అన్నేళ్ళుగా ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ దాన్ని బయటికి తీసి వేర్లు కోసి కొత్త మట్టిలో పెడుతూ వచ్చారు. ఇంకో దారి లేదు. పిన్నికి ఈ చెట్టు ఫోటో పంపా, "ముచ్చటగా ఉంది, కానీ ఇంట్లో కాదుగా, మ్యూజియంలో ఉందిగా" అంది. సరే.

అయితే నా అసలు పేచీ పిన్నితో కాదు, కోయాలని ఒప్పుకునేవాళ్ళతోనే. కోయాలి, కానీ ఎంత, ఎప్పుడు అన్న దగ్గర.

2019లో నా మొదటి పైన్‌ని నేనే చంపా. వీడియోలు చూసి, మేపుల్ చెట్టుకి ఒకాయన చేస్తుంటే చూసి, అచ్చం అలాగే, బయటికి తీసి, హోస్ పైపు పెట్టి తలంటు పోసినట్టు మట్టి మొత్తం కడిగేసి, వేర్లు దువ్వి, పొడుగ్గా ఉన్నవన్నీ కత్తిరించి, కొత్త మట్టిలో ఎంతో శుభ్రంగా నాటా. చాలా గర్వంగా కూడా ఉంది, ఫోటోలు తీసుకున్నా. ఏప్రిల్‌లో మొగ్గలు కదిలాయి. పైన్ మొగ్గలు నిటారుగా కొవ్వొత్తుల్లా లేస్తాయి, క్యాండిల్స్ అనే అంటారు వాటిని. అవి లేచేసరికి బతికింది అనుకున్నా. ఆ క్యాండిల్స్ లేచింది చెట్టులో నిల్వ ఉన్న సత్తువతో, కొత్త వేర్లు పంపిన నీళ్ళతో కాదు, అది నాకు అప్పుడు తెలీదు. అరంగుళం లేచి ఆగాయి. జూన్ దాకా చెట్టంతా పచ్చగానే ఉంది, కానీ ఆ పచ్చలో మెరుపు లేదు, దుమ్ము పట్టినట్టు, బూడిద పూసినట్టు. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని తగ్గించా, తక్కువయ్యాయేమో అని పెంచా. ఆగస్టుకి చీపురు. గోరుతో బెరడు గీకితే లోపల గోధుమ రంగు. చచ్చి ఎన్నాళ్ళయిందో, బహుశా నేను ఫోటోలు తీసుకున్న వారానికే పోయుంటుంది.

పైన్‌తో ఉన్న కష్టమే ఇది. చనిపోయిన సంగతి ఆలస్యంగా చెప్తుంది. 2011 సునామీకి జపాన్‌లో రికుజెన్‌తకాతా అనే ఊరి ఒడ్డున దాదాపు 70,000 పైన్ చెట్ల తోపు కొట్టుకుపోయి ఒక్కటే ఒక్క చెట్టు నిలబడితే దాన్ని అద్భుతం అన్నారు, ఊరి వాళ్ళు ప్రాణం పెట్టుకున్నారు దాని మీద. నిలబడింది, పచ్చగా కూడా ఉంది, కానీ ఉప్పునీళ్ళకి కింద వేర్లు కుళ్ళిపోయాయి. 2012లో చనిపోయిందని తేల్చారు. పైన చూసి వేరు సంగతి చెప్పలేం అనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలీదు.

మేపుల్‌కి చెల్లేది పైన్‌కి ఎందుకు చెల్లదు అంటే, మేపుల్ చలికాలంలో ఆకు మొత్తం రాల్చి పడుకుంటుంది. దాని సరుకంతా కొమ్మల్లో, మొదట్లో, వేర్లలో దాచుకుని ఉంటుంది, నీళ్ళు అడిగే ఆకు ఒక్కటి కూడా పైన లేదు. అప్పుడు వేర్లు కడిగినా కోసినా దానికి టైమ్ ఉంది. పైన్‌కి ఆ సెలవు లేదు, సూదులు ఏడాది పొడవునా పైనే ఉంటాయి, కొద్దో గొప్పో నీళ్ళు అడుగుతూనే ఉంటాయి, పైగా దాని నిల్వలో కొంత భాగం ఆ సూదుల్లోనే. ఇంకోటి, పైన్ వేరు ఒంటరిగా పనిచేయదు. సన్న వేర్ల కొసలకి ఒక రకం శిలీంధ్రం తొడుగులా పట్టుకుని ఉంటుంది, మైకోరైజా అంటారు. వేరు పోలేని సందుల్లోకి అది దారాలు పంపి నీళ్ళూ ఖనిజాలూ తెచ్చి ఇస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. అది పట్టిన వేరు కొస రెండుగా చీలి చిన్న పంగలకర్రలా కనపడుతుంది, చేతిలోకి తీసుకుని చూస్తే తెలిసిపోతుంది. హోస్ పైపు పెట్టి కడిగితే ఇదంతా డ్రెయిన్‌లోకి పోతుంది.

ఇదే విషయం ఆ రోజు గ్యారేజ్‌లో నాన్నతో. వేర్ల ముద్ద పక్కన అక్కడక్కడా తెల్లటి దారాలు, పుట్టగొడుగుల వాసన. "బూజు పట్టిందమ్మా, ట్యాప్ తిప్పి శుభ్రంగా కడిగెయ్" అన్నారు. వద్దు నాన్నా, అది ఉండాలి అంటే ఆయన వ్యవసాయం బయటికి తీశారు. "నారు పీకి, కట్ట కాలికేసి కొట్టి మట్టంతా విదిలించి, ఒట్టి వేర్లతో తీసుకెళ్ళి దమ్ములో గుచ్చుతాం. రెండ్రోజులు పసుపు పడుతుంది, వారం పది రోజుల్లో మూన తిరుగుతుంది. అసలు మట్టి మిగల్చడం ఏంటి?"

దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయా, ఒప్పుకుంటా. నలభై ఏళ్ళు నాట్లు వేయించిన మనిషి అడుగుతున్నాడు. తర్వాత తట్టింది, వరి నెల రోజుల గడ్డి, మొదట్లోంచి కొత్త వేర్లు పుట్టించుకుంటుంది, పాత వేరు పోయినా దానికి లెక్కలేదు. వయసు కూడా ముఖ్యమే. ఇక్కడ ఒరెగాన్‌లో అడవులు కొట్టిన చోట మళ్ళీ నాటడానికి ఒకటి రెండేళ్ళ డగ్లస్ ఫర్, పైన్ మొక్కల్ని చలికాలంలో ఒట్టి వేర్లతోనే కట్టలు కట్టి పంపిస్తారు, బతుకుతాయి. "నేను పైన్‌ని మొత్తం కడిగా, బానే ఉంది" అని ఎవరైనా చెప్తే అబద్ధం అనను, ఆ చెట్టు వయసెంత అని అడుగుతా. పదేళ్ళు దాటిన చెట్టు, కుండీలో బిగుసుకుపోయి ముందే నీరసపడ్డ చెట్టు, దానికి ఆ లెక్క వేరు. పైగా పోయిన చెట్టు ఫోటో ఎవరూ పెట్టరు, నా 2019 పైన్ ఫోటోలు నాటిన రోజువే ఉన్నాయి, ఆగస్టు ఫోటో ఒక్కటీ లేదు.

ఇంక రెండో రకం సలహా, పెద్ద కుండీలోకి మార్చెయ్, ముద్ద కదిలించకు అని. ఇది విన్నప్పుడు చాలా మంచి సలహాలా ఉంటుంది, చెట్టుకి బాధ లేదు, మనకి భయం లేదు, అరగంటలో పని అయిపోతుంది. నా లెక్కలో ఇది పనిని ఇంకా కష్టం చేసి వాయిదా వేయడం. చుట్టు తిరిగిన వేరు పెద్ద కుండీ దొరికిందని చుట్టు విప్పుకోదు. కొసలు కొత్త మట్టిలోకి పోతాయి నిజమే, కానీ మొదలు దగ్గర ముడి ముడిలాగే లావెక్కుతుంది. నీళ్ళ సంగతి ఇంకా దారుణం, నడిమధ్యన గట్టిపడ్డ పాత ముద్ద, చుట్టూ వదులుగా కొత్త మట్టి. పైన పోసిన నీళ్ళు తేలిగ్గా ఉన్న దారి చూసుకుని చుట్టూ నుంచి కిందకి పోతాయి, కుండీ కింద నీళ్ళు కారుతుంటే మనం తడిసిందనుకుంటాం, మధ్యలో ఎండిపోయి ఉంటుంది. నా చెట్టుకి ముందే ఆ జబ్బుంది, చాప్‌స్టిక్ గుచ్చితే అంగుళం దిగలేదు, పైన పోసిన నీళ్ళు గుంట కట్టి నిలబడి చివరికి కుండీ గోడ పక్కనుంచి జారిపోయేవి.

మరి ఎటూ కాకపోతే ఏం చేయాలి? సగం. కింద చాపలా అల్లుకున్న చుట్లు రంపంతో కోసేయడం, పైన మట్టి తీసి మొదలు ఎక్కడ విచ్చుకుంటుందో చూసుకోవడం, ఆ తర్వాత ముద్దని రెండు భాగాలనుకుని ఒక భాగంలో మాత్రం పాత మట్టి మొత్తం మొదలు దాకా తీసేయడం, రెండో భాగం జోలికే వెళ్ళకపోవడం. అది ముట్టుకోని వేర్లతో, దాని శిలీంధ్రంతో చెట్టుని నడిపిస్తూ ఉంటుంది, ఈలోపు ఈ పక్క కొత్త వేర్లు వేస్తుంది. రెండేళ్ళాగి, చెట్టు బలంగా ఉంటేనే, అటుపక్క. పైన్ బోన్సాయ్ పెంచేవాళ్ళలో ఇది తెలిసిన పద్ధతే, నేను కనిపెట్టిందేం కాదు. కానీ చేసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే చెయ్యి ఆగదు. ఒక పక్క శుభ్రంగా దువ్విన వేర్లు, ఇంకో పక్క నల్ల ముద్ద, చూస్తుంటే సగం గడ్డం గీసుకున్నట్టు ఉంటుంది, ఇంకో అరగంట కూర్చుంటే అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ అరగంటే చంపేది.

దీని గురించి నాకు నచ్చిన మాట ఒకటి ఆఫీసులో దొరికింది. నేను చేసేది ఫ్యాక్టరీ పని, మాకు జపాన్ పద్ధతుల మీద ట్రైనింగులు ఎక్కువ, స్లైడ్లలో నెమవాషి అని ఒక మాట వచ్చేది, మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడి ఒప్పించి పెట్టుకోవడం అని చెప్పేవాళ్ళు. ఏళ్ళ తరబడి అది మేనేజర్ల మాటే అనుకున్నా. అది తోటమాలి మాట. నె అంటే వేరు, మవాషి అంటే చుట్టూ తిరగడం. పెద్ద చెట్టుని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తీసుకెళ్ళాలంటే చాలా ముందు నుంచే చుట్టూ తవ్వి, కొన్ని వేర్లు కోసి, మొదలు దగ్గర సన్న వేర్లు పుట్టేదాకా ఆగి, అప్పుడు కదుపుతారు. ఆ ఆగడమే అందులో పని. స్లైడులో ఆ సంగతి ఎక్కడా రాయలేదు, నెమవాషి రెండు రోజుల్లో పూర్తి చేయండి అని మాత్రం మెయిల్ వచ్చేది.

సరే గ్యారేజ్‌కొద్దాం. కింద మూడంగుళాలు రంపంతో కోశా, కొబ్బరి పీచు కోసినట్టే చప్పుడు. పైన రెండంగుళాల మట్టి తీస్తే గానీ అసలు మొదలు కనపడలేదు, నర్సరీలో లోతుగా నాటేశారు. మధ్యలో గీత ఎక్కడనుకోవాలో తెలీక తికమక పడుతుంటే నాన్న బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి తన చేతి సంచీ మూతికి కట్టిన పురికొస తెచ్చి, ముద్ద మీదుగా అడ్డంగా కట్టి, "ఇదిగో గట్టు, ఇటు నీ చేను, అటు పక్కోడిది, గట్టు దాటావంటే తగాదానే" అన్నారు. అప్పటిదాకా మొత్తం కడగమన్న మనిషి ఒక్క క్షణంలో ఇటు వచ్చేశారు, చెప్పి ఒప్పించాల్సిన పని కూడా లేకుండా. గట్టు అనగానే ఆయనకి అర్థమైపోయినట్టుంది.

ఆ పక్క పని గంటన్నర పట్టింది. మొదలు నుంచి బయటికి, చాప్‌స్టిక్‌తో కొంచెం, కొక్కెంతో కొంచెం, తల చిక్కు తీసినట్టు. లోపల మట్టి మట్టిలా లేదు, పీట్ అనే నాచు మట్టి కుళ్ళి నల్లగా జిగురుగా అయిపోయింది. నాన్న స్ప్రే బాటిల్ పట్టుకుని వేర్లు ఆరకుండా తడుపుతూ ఉన్నారు. పెన్సిల్ లావు వేరు ఒకటి మొదలుని చుట్టుకుని బెరడులోకి దిగిపోయి ఉంది, దాన్ని కోసి తీస్తే కింద నొక్కుకుపోయిన గాడి. ఆయన వేలితో ఆ గాడి తడిమి చూశారు, ఏమీ అనలేదు.

నాటింది కుండీలో కాదు. ప్లాస్టిక్ చిల్లుల గిన్నెలో, పాస్తా వార్చుకునేది, డాలర్ స్టోర్‌లో కొన్నా. "అన్నం వార్చే గిన్నెలో చెట్టు పెడతావా" అని ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. కానీ దానికి కారణం ఉంది, వేరు కొస చిల్లు దాకా వచ్చి గాలి తగలగానే అక్కడ ఆగిపోతుంది, ఎండుతుంది, వెనక నుంచి పక్క వేర్లు వేస్తుంది. గోడ లేదు కాబట్టి చుట్టు తిరగడం తగ్గుతుంది. మట్టి అంటే మన ఎర్రమట్టి, కోకోపీట్ లాంటిది కాదు, ప్యూమిస్, మడమలు రుద్దుకునే రాయి ఉంటుంది కదా అదే, చిన్న గింజలుగా. మా ఒరెగాన్‌లోనే బెండ్ వైపు తవ్వుతారు కాబట్టి చవక. దాన్లో లావా రాయి, కొంచెం అకడామా. అకడామా అంటే జపాన్ నుంచి వచ్చే ఎండబెట్టిన బంకమట్టి గింజలు, సంచీ ధర చెప్తే నాన్న "మట్టికా?" అన్నారు, రూపాయల్లోకి మార్చి చెప్పి ఉండాల్సింది కాదు. అన్నీ జల్లించి దుమ్ము పారేసి, గింజ 3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్యలో ఉన్నవి వాడా. చెట్టుని అల్యూమినియం తీగతో గిన్నెకి కదలకుండా కట్టేశా. చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే, గాలికి చెట్టు ఊగితే అప్పుడే పుట్టిన వేరు కొసలు తెగిపోతాయి, ఎన్ని చేసినా వేస్ట్. ఆ తర్వాత కింద నుంచి తేట నీళ్ళు వచ్చేదాకా పోసుకుంటూ కూర్చోవడం.

"వేరు కోశావు, పైన కూడా కొట్టవా మరి? నిమ్మ, మామిడి ఏది పీకినా ఆకు దూసి పంపిస్తారు కడియంలో" అన్నారు చివర్లో. నిజమే, చాలామంది పైన్‌కీ అదే చేస్తారు, కింద ఎంత కోస్తే పైన అంత కోయాలని. నేను ఒక్క సూది కూడా ముట్టుకోలేదు. కొత్త వేర్లు పుట్టాలంటే చక్కెర కావాలి, అది చేసేది సూదులే. కడియం ఎండకి, లారీలో మూడు రోజుల ప్రయాణానికి ఆకు దూయడం న్యాయమే, ఇక్కడ మార్చిలో పది డిగ్రీల చలి, వాన, ఆ సూదులు అడిగే నీళ్ళెన్నని. ఆ ఏడాది ఎండాకాలం క్యాండిల్స్ కోయడం కూడా మానేశా, తీగ చుట్టి వంచడం మానేశా, ఆరు వారాలు ఎరువు లేదు.

ఈ సగం పద్ధతికి ఒక లోటుంది, అది చెప్పకపోతే నేనూ ఆ వీడియోల వాళ్ళలాంటిదాన్నే అవుతా. ఒకే గిన్నెలో రెండు రకాల మట్టి, ఒక పక్క నీళ్ళు పోసిన వెంటనే జారిపోతాయి, ఇంకో పక్క నల్ల ముద్ద మూడు రోజులు తడిగా ఉంటుంది, లేదంటే ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ తడవనే తడవదు. కొత్త పక్కకి చూసి నీళ్ళు పోస్తే పాతది ఊరిపోతుంది, పాతదానికి చూస్తే కొత్త వేర్లు ఎండుతాయి. నేను పాత పక్కంతా చాప్‌స్టిక్‌తో నిలువునా చిల్లులు గుచ్చి, జూలై ఆగస్టుల్లో రెండు పక్కలా వేలు పెట్టి చూసి చూసి నీళ్ళు పోశా, ఊరెళ్ళినప్పుడు పక్కింటి అబ్బాయికి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి కాగితం మీద బొమ్మ గీయాల్సొచ్చింది. ఇది గొడవే, కాదనను. మొత్తం కడిగి చంపుకునే గొడవ కంటే నయం.

2023 ఏప్రిల్‌లో క్యాండిల్స్ రెండంగుళాలు లేచి ఆగాయి, నాకు 2019 గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. కానీ మేలో సూదులు తొడుగుల్లోంచి విచ్చుకున్నాయి, రంగు తగ్గలేదు. సెప్టెంబర్‌లో ఒకరోజు నీళ్ళు పోస్తూ చూస్తే గిన్నె చిల్లుల్లోంచి తెల్లటి వేరు కొసలు, నూగుతో సహా, కొత్త పక్క మాత్రమే. పాత పక్క చిల్లుల్లో ఒక్కటీ లేదు. ఒకే చెట్టు, ఒకే గిన్నె, ఒకే చేత్తో పోసిన నీళ్ళు. పెద్ద కుండీలోకి మార్చెయ్ అనేవాళ్ళకి నేను చూపించే ఫోటో అదే. 2024లో క్యాండిల్స్ ఆరంగుళాలు దాటాయి.

మొన్న 2025 మార్చిలో రెండో సగం. ఈసారి నాన్న ఊళ్ళో, నేను ఫోన్‌ని పెయింట్ డబ్బాకి ఆనించి వీడియో కాల్‌లో. అటు పక్క మట్టి తీస్తూ తీస్తూ మొదలు కిందకి వచ్చేసరికి గుడ్డంత ముద్ద ఒకటి తగిలింది, చుట్టూ అంతా తడిగా ఉంటే అదొక్కటీ పొడిగా, గట్టిగా. ఇది విత్తనం మొలిచినప్పటి చిన్న గూడు, నర్సరీ వాళ్ళు మొలకని ఆ గూడుతో సహా పెద్ద కుండీలోకి, అక్కడినుంచి ఇంకా పెద్ద కుండీలోకి మార్చుకుంటూ వచ్చారు, ఎవరూ విప్పలేదు. దాన్లో వేర్లు ముడిపడి, వంకరపోయి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా నేను పోసిన నీళ్ళు దాని లోపలికి పోలేదు. నలభై నిమిషాలు దాన్నే గీకుతూ కూర్చున్నా. "లైన్లో ఉన్నారా నాన్నా" అంటే "ఉన్నా ఉన్నా, కానివ్వు" అంటున్నారు, వెనక ఫ్యాన్ చప్పుడు.

మేలో ఫోన్ చేసినప్పుడు అమ్మ దగ్గర్నుంచి ఫోన్ లాక్కుని మరీ అడిగారు, "మూన తిరిగిందా?" అని. కెమెరా తిప్పి చూపించా, క్యాండిల్స్ నాలుగంగుళాలు, సూదులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. "అయితే ఇంక ఆ చిల్లుల గిన్నె తీసేసి మంచి కుండీలో పెట్టు, చుట్టాలొస్తే చూపించుకునేలా." ఇప్పుడే కాదు నాన్నా, ఆ గూడు అడుగున ఒక లావు వేరు అడ్డంగా మొదలు కిందనుంచి ఇటు పక్కకి వచ్చింది, అది కోయాల్సిన వేరే, కానీ కొత్త పక్క సన్న వేర్లు సగం దాని మీదే ఆధారపడి ఉన్నాయి, వదిలేశా, 2027లో చూడాలి అన్నా. "2027 మార్చా? టికెట్లు ముందే చూడు, అప్పుడు రేట్లు తక్కువుంటాయి" అన్నారు.